పసి చేతులకు పని: ఏడాది పొడవునా ఇంట్లో చేసుకునే ఆటవస్తువులు



బిడ్డ అన్నం తినడం లేదనీ, బరువు పెరగడం లేదనీ, దగ్గు తగ్గడం లేదనీ మనం ఆసుపత్రికి వస్తాం. ‘మా బాబుకు అయిదేళ్లు నిండుతున్నా చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నాడు, పెన్సిల్ పట్టుకుంటే రెండు నిమిషాలకే చెయ్యి నొప్పి అంటున్నాడు’ అని చెప్పడానికి మాత్రం ఎవరూ రారు. బడిలో టీచరుగారు చెప్పాకే ఆ సంగతి తెలుస్తుంది. అప్పుడు కాపీరైటింగు పుస్తకం కొని రోజుకు రెండు పేజీలు రాయిస్తాం. బిడ్డ ఏడుస్తాడు, తల్లి విసుక్కుంటుంది. అసలు సంగతి ఏమిటంటే, రాయడానికి ముందు ఆ చెయ్యి చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. చింపడం, పిసకడం, అతికించడం, గుచ్చడం, అల్లడం, ముడివేయడం. ఇవన్నీ ఆటలోనే జరగాలి.

ఈ పాఠం 2 నుండి 6 ఏళ్ల పిల్లల కోసం. దూలపల్లి, కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట వైపు ఏ కాలంలో ఏది దొరుకుతుందో దానితోనే, డబ్బు ఖర్చు లేకుండా, ఇంటిల్లిపాదీ కూర్చుని చేసుకోగలిగిన పనులు ఇందులో ఉన్నాయి. వాటితోపాటు ఏ వస్తువు బిడ్డకు హాని చేస్తుందో కూడా చెప్పాం. ఆ భాగాన్ని వదలకుండా చదవండి.

1. చెయ్యి ఎలా ఎదుగుతుంది?

మన మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. బిడ్డ పుట్టినప్పుడు వాటిలో ఒక్కటి కూడా గట్టి ఎముకగా ఉండదు. అన్నీ మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. అవి ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. అన్నింటికన్నా చివరిది గట్టిపడేసరికి బిడ్డకు దాదాపు పదేళ్లు వస్తాయి. కాబట్టి మూడేళ్ల బిడ్డ చేత పెద్దవాళ్ల చెయ్యి చేసే పని చేయించాలనుకోవడం తగదు.

పట్టు కూడా వరుసగా వస్తుంది. ముందు భుజం, తరువాత మోచెయ్యి, ఆ తరువాత మణికట్టు, చివరికి వేళ్లు. ఏడాది నిండేసరికి బొటనవేలు, చూపుడువేలు కలిపి మెతుకును ఏరి పట్టుకోగలుగుతారు. రెండేళ్లకు కాగితం మీద ఇష్టం వచ్చినట్లు గీతలు గీస్తారు. మూడేళ్లకు మనం గీసిన సున్నాను చూసి గీస్తారు. నాలుగేళ్లకు కూడిక గుర్తును, అయిదేళ్లకు త్రిభుజాన్ని చూసి గీయగలరు. ఒక బిడ్డకు నాలుగు నెలలు ముందు, మరొక బిడ్డకు నాలుగు నెలలు వెనుక కావచ్చు. అంతమాత్రాన కంగారు పడవద్దు.

ఇది కొత్తగా కనిపెట్టిన మాట కాదు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల బడి మొదలుపెట్టినప్పుడు అక్షరాలకన్నా ముందు బంతులు, చెక్క దిమ్మలు, కాగితం మడతలు, అల్లికలు పిల్లల చేతికి ఇచ్చాడు. 1907లో రోము నగరంలో తొలి శిశుగృహం తెరిచిన మరియా మాంటిస్సోరి కూడా చేతిపనికే పెద్ద పీట వేసింది. ఆమె 1939లో మద్రాసు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. మన ప్రభుత్వం 1975 అక్టోబర్ 2న ప్రారంభించిన పథకం కింద వచ్చిన అంగన్‌వాడీలలో 3 నుండి 6 ఏళ్ల పిల్లలకు ఆటపాటల చదువు ఒక భాగం. 2023లో కేంద్ర విద్యాశాఖ 3 నుండి 8 ఏళ్ల పిల్లల కోసం బొమ్మలు, తోలుబొమ్మలు, కథల కార్డులతో ‘జాదూయి పిటారా’ అనే పెట్టెను తయారుచేయించింది. వీరందరూ చెప్పేది ఒక్కటే. చేతికి పని దొరికితే బుద్ధికి పదును వస్తుంది.

మరి నేడు ఆ చేతుల్లో ఏముంది? సెల్‌ఫోను. దాని మీద ఒక వేలు అటూ ఇటూ జరిపితే చాలు, మిగిలిన వేళ్లకు పని ఉండదు. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, 2 నుండి 4 ఏళ్ల వారికి రోజుకు గంటకు మించరాదనీ, అంతకన్నా తక్కువైతే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్ల లోపు వారికి తెర చూపవద్దని భారత పిల్లల వైద్యుల సంఘం కూడా 2021లో సూచించింది. ఫోను లాక్కుంటే బిడ్డ ఏడుస్తాడు. దాని బదులు ఆ చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి. ఏమి ఇవ్వాలో ఇక చూద్దాం.

2. మొదలుపెట్టే ముందు మూడు మాటలు

మొదటిది: బొమ్మ బిడ్డ చేసినదై ఉండాలి. వంకరగా వచ్చినా సరే, మీరు సరిచేయవద్దు. మీరు సరిచేసిన బొమ్మ అందంగా ఉంటుంది గాని, ‘నేను చేసింది బాగాలేదు’ అనే మాట బిడ్డ మనసులో నాటుకుంటుంది.

రెండవది: ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ముగ్గురికీ వేరు వేరు పని ఇవ్వండి. రెండేళ్ల బిడ్డ చింపాలి, పిసకాలి. నాలుగేళ్ల బిడ్డ అతికించాలి, రంగు వేయాలి. ఆరేళ్ల బిడ్డ కత్తిరించాలి, ముడివేయాలి. పెద్దవాళ్లు కోయడం, కాచడం, కన్ను వేసి ఉంచడం చేయాలి.

మూడవది: పదిహేను నిమిషాలు చాలు. ఆ పదిహేను నిమిషాలూ మీరు పక్కన కూర్చోవాలి. ‘ఇది ఏ రంగు? ఇది గరుకుగా ఉందా, నున్నగా ఉందా? ముందు ఏం చేద్దాం?’ అని మాట్లాడుతూ చేయండి. చేతితోపాటు మాట కూడా వస్తుంది.

3. సంక్రాంతి: పతంగి, ముగ్గు

పాత దినపత్రికను చతురస్రంగా కత్తిరించండి. రెండు చీపురు పుల్లలు తీసుకోండి. ఒకదానిని మూలనుంచి మూలకు నిటారుగా, రెండవదాన్ని విల్లులా వంచి అడ్డంగా అతికించండి. దుకాణంలో కొన్న జిగురు అక్కరలేదు. మెత్తగా ఉడికిన అన్నం మెతుకులు నలిపితే మంచి జిగురు. రెండు చెంచాల మైదాను ఒక కప్పు నీళ్లలో కలిపి సన్నని మంట మీద కలియబెడితే ఇంకా మంచిది. బిడ్డ వేలు నాకినా భయం లేదు. తోక కోసం కాగితాన్ని పొడవుగా చింపే పని రెండేళ్ల బిడ్డకు ఇవ్వండి. కాగితాన్ని ఒక చేత్తో ఆపి మరో చేత్తో చింపడంలో రెండు చేతులూ కలిసి పనిచేయడం నేర్చుకుంటాయి.

చిన్న పిల్లలకు పతంగి ఆకాశంలో ఎగరనక్కరలేదు. రెండు గజాల నూలు దారం కట్టి మైదానంలో పరుగెత్తితే చాలు, వెనుక తోక ఊగుతుంది. గాజుపొడి పూసిన మాంజా, చైనా మాంజా అనే నైలాను దారం ఇంట్లోకి రానివ్వకండి. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా వాటిని నిషేధించింది. అవి వేళ్లు తెగ్గోస్తాయి. బండి మీద వెళ్లేవారి గొంతు కోసిన సంఘటనలూ ఉన్నాయి. పిట్టగోడ లేని డాబా మీదికి పిల్లలను పంపవద్దు. కరెంటు తీగకు చిక్కిన పతంగిని లాగవద్దు, వదిలేయండి.

ముగ్గు వేసేటప్పుడు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చుక్కలు పెట్టించండి. బియ్యప్పిండిని మూడు వేళ్లతో పట్టి కొద్దికొద్దిగా వదలడం పెన్సిల్ పట్టుకు ముందు మెట్టు. రేగుపళ్లు మాత్రం గింజ తీసి ముక్కలు చేసి పెట్టండి.

4. మోదుగు పూసే కాలం: ఇంటి రంగులు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చిన మోదుగు చెట్లు ఎర్రగా పూస్తాయి. చెట్టు కింద రాలిన పూలు రెండు గుప్పిళ్లు ఏరుకు రండి. ఏరడం పిల్లల పని. పెద్దవాళ్లు గ్లాసున్నర నీళ్లలో వాటిని మరిగించి, చల్లార్చి, వడగట్టాలి. నారింజ వన్నె నీళ్లు వస్తాయి. పుల్లకు దూది చుట్టి కుంచె చేసుకోండి. బీట్‌రూట్ తురిమి పిండితే ఎరుపు, పాలకూర నూరి పిండితే ఆకుపచ్చ, పసుపు సరేసరి.

ఇక్కడ ఒక చిన్న వింత చూపించవచ్చు. తెల్ల కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరనివ్వండి. దాని మీద సబ్బు నీళ్లలో ముంచిన పుల్లతో గీయమనండి. గీసిన చోటల్లా ఎర్రబడుతుంది. సబ్బులో ఉన్న క్షారగుణమే దీనికి కారణం. సున్నంతో కూడా ఎర్రబడుతుంది గాని, పిల్లల దగ్గర సున్నం వాడవద్దు. తమలపాకుల సున్నం పొట్లాన్ని నొక్కినప్పుడు అది చిమ్మి కంట్లో పడితే నల్లగుడ్డు కాలిపోతుంది, చూపు పోయే ప్రమాదం ఉంది. పొరపాటున పడితే వెంటనే రెప్పలు తెరిచి పట్టి, ధారగా మంచినీళ్లు పోస్తూ అరగంట దాకా కడగండి. తరువాత ఆలస్యం లేకుండా కంటి వైద్యునికి చూపించండి. కడగకుండా పరుగెత్తుకు రావడం కన్నా కడిగి రావడం మేలు.

5. మట్టల ఆదివారం, వేసవి సెలవులు

మట్టల ఆదివారం నాడు పిల్లలందరూ ఈత మట్టలు పట్టుకుని ఆలయానికి వస్తారు. ఆరాధన అయ్యాక ఆ మట్టలను మూలన పడేయకండి. ఈత ఆకుల కొసలు ముళ్లలా గుచ్చుకుంటాయి. కంటికి తగలకుండా ముందుగానే పెద్దవాళ్లు కొసలు కత్తిరించాలి. రెండు ఆకులను అడ్డంగా, నిలువుగా మడిచి దారంతో కడితే చిన్న శిలువ అవుతుంది. నాలుగేళ్ల బిడ్డ కూడిక గుర్తు గీయగలడని పైన చెప్పాం గదా, ఆ వయసుకు ఇది సరిగ్గా సరిపోతుంది. అయిదారేళ్ల వారికి నాలుగు ఆకులు నిలువుగా పరచి, ‘ఒకటి పైకి, ఒకటి కిందికి’ అంటూ చాప అల్లిక నేర్పండి. తాటాకు ముక్కతో గాలిచక్రం చేసి చీపురు పుల్లకు గుచ్చి ఇస్తే పరుగెత్తి పరుగెత్తి ఆడతారు.

ముంజలు తిన్నాక మిగిలే తాటికాయలు పారేయవద్దు. రెండు కాయలకు పెద్దవాళ్లు రంధ్రం చేసి ఒక పుల్ల ఇరుసుగా గుచ్చాలి. చివర చీలిన పంగల కర్రతో ఆ ఇరుసును తోస్తే ముంజకాయల బండి. తాతలకు ఇది బాగా తెలుసు, వారినే నేర్పమనండి. తోసేటప్పుడు భుజాలకు, మోచేతులకు బలం వస్తుంది. మునివేళ్ల పనికి ఆ బలమే పునాది. ఉదయం 11 నుండి సాయంత్రం 4 వరకు మాత్రం నీడపట్టునే ఉంచండి, మధ్యమధ్య మంచినీళ్లు తాగించండి.

6. వానాకాలం: మట్టి, పిండి, కాగితం పడవ

మట్టి పిసకడం కన్నా చేతులకు మంచి వ్యాయామం లేదు. మన తెలంగాణ పల్లెల్లో ఆడపిల్లలు బొడ్డెమ్మ కోసం పుట్టమన్ను తెచ్చి పిసికి మెట్లు మెట్లుగా పేర్చడం ఎప్పటినుంచో ఉన్నదే. మీ పిల్లల చేత గిన్నెలు, పొయ్యి, ఎడ్లబండి, ఆవు, కోడిపిల్లలు చేయించండి. మట్టిలో కొద్దిగా ఊక కలిపితే ఆరాక పగలదు. గాజుపెంకులు లేని చోట, కుక్కలు తిరగని చోట మట్టి తీయండి. ఆట ముగిశాక సబ్బుతో, గోళ్ల సందులతో సహా చేతులు కడిగించండి. మట్టిలో నులిపురుగుల గుడ్లు ఉంటాయి. బడిలో, అంగన్‌వాడీలో నులిపురుగుల దినాన ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను తప్పించుకోనివ్వకండి.

మట్టి దొరకని అపార్టుమెంటువారు పిండిముద్ద చేసుకోవచ్చు. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, సుమారు ఒక కప్పు నీళ్లు కలిపి చపాతీపిండిలా పిసికితే చేసిన బొమ్మలు రెండు మూడు రోజుల ఎండకు గట్టిపడతాయి. అయితే ఇంత ఉప్పు ఉన్న పిండిని పసిపిల్లలు మింగితే ప్రమాదం. నోట్లో పెట్టుకునే అలవాటున్న బిడ్డకు, మూడేళ్ల లోపు వారికి మామూలు చపాతీపిండే ఇవ్వండి.

కాగితం పడవను బకెట్లోనో టబ్బులోనో వదలండి. నాలా పక్కన, పొంగే మోరీ పక్కన వద్దు. బకెట్లో ఉన్న కొద్దిపాటి నీళ్లలో కూడా ఏడాది రెండేళ్ల బిడ్డ తలకిందులై మునిగే ప్రమాదం ఉంది. ఆట కాగానే నీళ్లు పారబోయండి. రంగులు కలుపుకున్న కొబ్బరిచిప్పలు, పెరుగు కప్పులు బోర్లించి పెట్టండి. వాటిలో వారం పాటు నిలిచిన నీరు చాలు, డెంగ్యూ దోమ పుట్టడానికి.

7. పూల కాలం, కోత పండుగ

వానలు వెనుకబడే సమయానికి గట్ల మీద తంగేడు, గునుగు, కట్లపూలు, పెరళ్లలో బంతి విరగబూస్తాయి. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన బతుకమ్మ తొమ్మిది రోజులూ ఊరంతా పూలే. పండుగ చేసుకునే ఇంటివారికైనా, చేసుకోని ఇంటివారికైనా పూల కాలం అందరిదీ. ఒక చేటలో పూలన్నీ కలిపి పోసి, రంగుల వారీగా వేరు చేయమనండి. తరువాత చిన్నవి, పెద్దవి అని వేరు చేయమనండి. లెక్కలకు ఇదే మొదటి పాఠం. అయిదు దాటిన వారు మొన లేని పెద్ద సూదితో బంతిపూలు గుచ్చవచ్చు. ఆయాసం ఉన్న బిడ్డకు పూల పొడి పడకపోతే రాలిన ఆకులు ఇవ్వండి.

ఆకుల విషయంలో మనది అదృష్టమే. దూలపల్లిలో అటవీ శిక్షణ అకాడమీ, అటవీ జీవవైవిధ్య సంస్థ ఉన్నాయి, చుట్టూ రిజర్వు అడవి ఉంది. అడవి లోపలికి వెళ్లనక్కరలేదు, కొమ్మలు విరచనక్కరలేదు. రోడ్డు వెంట నడుస్తూ రాలిన వేప, కానుగ, రావి, టేకు, మోదుగు ఆకులు ఏరుకోవచ్చు. ఆకును బోర్లించి పైన పల్చని కాగితం పెట్టి, క్రేయానును అడ్డంగా రుద్దితే ఈనెలన్నీ అచ్చు పడతాయి. పాత పుస్తకంలో పదిహేను రోజులు అణచి పెట్టిన ఆకులతో చేపలు, నెమళ్లు, సీతాకోకచిలుకలు అతికించవచ్చు. మోదుగు ఆకులను సన్నని పుల్లలతో కుట్టి విస్తరి చేయడం అమ్మమ్మలకు తెలిసిన విద్య. ఆరేళ్ల బిడ్డ ఒక దొన్నె అయినా కుట్టగలదు. ఆ దొన్నెలో అన్నం పెడితే ఆ పూట మారాం ఉండదు!

ఆలయంలో కోత పండుగ వచ్చినప్పుడు కానుక బుట్టను పిల్లలే అలంకరించాలి. కూరగాయలు తుడవడం, వరికంకులను కట్టగా కట్టడం, పూలు చుట్టడం వారు చేయగల పనులే. ద్రాక్షపండ్లు ఉంటే చిన్న పిల్లలకు నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టండి. గుండ్రని పండు గొంతుకు అడ్డం పడుతుంది.

8. క్రిస్మస్: నక్షత్రం, పశువుల పాక

అయిదేళ్ల బిడ్డ త్రిభుజం గీయగలడు. మూడు పుల్లలు కడితే త్రిభుజం. రెండు త్రిభుజాలను ఒకదాని మీద మరొకటి తిరగేసి కడితే ఆరు కొనల నక్షత్రం. రంగు కాగితం అతికించడం నాలుగేళ్ల బిడ్డ పని, కుచ్చులకు కాగితం చింపడం రెండేళ్ల బిడ్డ పని. నేడు లోకమంతా వేలాడదీసే మొరేవియన్ నక్షత్రం కూడా 1830ల్లో జర్మనీలోని నీస్కీ పట్టణంలో ఒక బాలుర బడిలో రేఖాగణితం పాఠంగా పుట్టినదే. నక్షత్రంలో కొవ్వొత్తి, వేడెక్కే బల్బు పెట్టవద్దు. చిన్న ఎల్‌ఈడీ దీపం చాలు, పడుకునే ముందు దాన్ని కూడా ఆపేయండి.

పశువుల పాకను తీర్చి చూపడం 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అస్సీసీ ఫ్రాన్సిస్‌తో ప్రసిద్ధికెక్కింది. మన ఊళ్లో మంచు పడదు గనుక పాక మీద దూది పరచనక్కరలేదు. వరిగడ్డి, మట్టితో చేసిన ఆవు, గొర్రెలు, అగ్గిపెట్టెతో తొట్టి చాలు. వానాకాలంలో చేసి ఆరబెట్టిన మట్టి బొమ్మలు ఇప్పుడు పనికివస్తాయి. డిసెంబరు మొదటి వారంనుంచి రోజుకు ఒక బొమ్మ చొప్పున పాకలో పెట్టించండి. ఎదురుచూడడం కూడా పిల్లలు నేర్చుకోవలసిన విషయమే.

9. మంచం మీద ఉన్నవారికి

జ్వరం తగ్గి, ఇంకా లేవలేని బిడ్డకు రోజంతా ఫోను ఇవ్వడం సులువు. దాని బదులు ఒక పళ్లెంలో నాలుగు ఖాళీ అగ్గిపెట్టెలు, పాత కాగితాలు, పెద్ద గుండీలు కుట్టిన గుడ్డముక్క ఇచ్చి చూడండి. సెలైను ఎక్కించే చెయ్యి కదపకుండా మరో చేత్తో ఆడుకోగలడు. అగ్గిపుల్లలతో, పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం నేర్పిన అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ వచ్చింది. పనికిరానిది అనుకున్నదానితోనే పిల్లలకు ఎంతో నేర్పవచ్చు.

ఆపరేషన్ అయి ఇంట్లో విశ్రాంతిగా ఉన్న తండ్రి, కాన్పు అయి మంచం దిగని తల్లి, నడవలేని తాతయ్య కూడా ఈ పని చేయగలరు. బిడ్డను ఎత్తుకోలేకపోవచ్చు గాని పక్కన కూర్చోబెట్టుకుని కాగితం పడవ మడవవచ్చు. ‘నాన్నకు బాగాలేదు, దగ్గరికి వెళ్లకు’ అని రోజూ వినే బిడ్డకు ఆ పది నిమిషాలు ఎంతో ధైర్యం. అంటువ్యాధి అయితే మాత్రం ముందుగా డాక్టరుగారిని అడగండి.

10. తప్పక తెలుసుకోవలసిన జాగ్రత్తలు

గురిగింజలు, ఆముదం గింజలు, పచ్చగన్నేరు కాయలు, ఉమ్మెత్త కాయలు చేతిపనికి వాడవద్దు. ఎర్రగా, నల్లచుక్కతో ఎంత ముద్దుగా ఉన్నా గురిగింజ నమిలితే విషం. జిల్లేడు పాలు కంటికి హాని చేస్తాయి. ఇలాంటి గింజ ఏదైనా నమిలినట్లు అనుమానం వస్తే, బాగానే ఉన్నాడు గదా అని ఆగకుండా మిగిలిన గింజతో సహా ఆసుపత్రికి రండి.

మూడేళ్ల లోపు పిల్లలకు చింతగింజలు, పూసలు, శనగలు, థర్మోకోల్ గుళికలు ఇవ్వవద్దు. ముక్కులో ఏదైనా పెట్టుకుంటే పిన్నుతో, పుల్లతో తీయాలని చూడకండి, ఇంకా లోపలికి పోతుంది. ఒక్క ముక్కునుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే లోపల ఏదో ఇరుక్కుందని అనుమానించాలి.

పాటలు పాడే గ్రీటింగు కార్డుల్లో, మెరిసే బొమ్మల్లో గుండీలాంటి బ్యాటరీ ఉంటుంది. దాన్ని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. వాంతి చేయించవద్దు, వెంటనే తీసుకురండి.

రంగు డబ్బా కొంటే దాని మీద సీసం లేదని రాసి ఉందో లేదో చూడండి. సీసం ఎంత కొద్దిగా ఒంట్లో చేరినా పిల్లల మెదడుకు మంచిది కాదు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదనే నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుండి అమలులో ఉంది. అంతకుముందు వేసిన, పెచ్చులూడుతున్న తలుపుల రంగును పిల్లలు గోకకుండా చూడండి. ఆటబొమ్మలు కొంటే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 నుండి అది తప్పనిసరి. చేతివృత్తులవారి బొమ్మలకు ఆ నిబంధనలో మినహాయింపు ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్క బొమ్మలకు చెట్ల రంగులు వాడే పద్ధతి పేరుపొందింది. అటువంటివి కొనేటప్పుడు సహజమైన రంగులేనా అని అడిగి తీసుకోండి.

గొంతుకు ఏదైనా అడ్డం పడి బిడ్డ దగ్గలేక, ఏడవలేక, మాట రాక ఉంటే: ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో 5 సార్లు తట్టండి. రాకపోతే వెల్లకిల తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో 5 సార్లు నొక్కండి. ఏడాది దాటిన బిడ్డ అయితే ముందుకు వంచి వీపు మీద 5 సార్లు తట్టి, తరువాత వెనుకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన పిడికిలితో లోపలికి, పైకి 5 సార్లు నొక్కండి. అడ్డం తొలగేదాకా ఇలా మార్చి మార్చి చేయండి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకవద్దు. మరొకరిని 108కు ఫోను చేయమనండి. బిడ్డ దగ్గగలిగితే మాత్రం తట్టకండి, దగ్గనివ్వండి.

11. తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

‘మా ఇద్దరికీ ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఇవన్నీ చేయడానికి తీరిక ఎక్కడ?’
వంటింటి పనే చేతిపని. బఠానీలు వలవడం, కరివేపాకు దూయడం, వెల్లుల్లి పొట్టు తీయడం, చపాతీ ఒత్తడం బిడ్డకు ఇవ్వండి. ఉతికిన బట్టలకు క్లిప్పులు పెట్టించండి. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఒక బొమ్మ చేయండి.

‘బిడ్డ అయిదు నిమిషాలకే లేచిపోతున్నాడు.’
మూడేళ్ల బిడ్డకు అది సహజం. బలవంతం చేయకండి. సామాను అక్కడే ఉంచండి, మళ్లీ తానే వస్తాడు.

‘ఎడమ చెయ్యి వాడుతున్నాడు. మాన్పించాలా?’
అక్కరలేదు. ఎడమచేతివాటం జబ్బు కాదు. కానీ ఏడాదిన్నర లోపే ఒక చేతిని మాత్రమే వాడుతూ రెండవ చేతిని పిడికిలి బిగించి ఉంచితే, ఆ చేతిలో బలహీనత ఉందేమో డాక్టరుకు చూపించండి. ఇంతకుముందు చేసిన పనిని ఇప్పుడు చేయలేకపోతున్నా, మూడేళ్లు వచ్చినా గీతలే గీయకపోతున్నా చూపించండి.

‘మగపిల్లవాడికి పూలు గుచ్చడం, అల్లడం ఎందుకు?’
గుండీ పెట్టుకోవలసింది, పెన్సిల్ పట్టవలసింది, రేపు పానా పట్టవలసింది, సూది మందు ఇవ్వవలసింది ఆ చేతులే గదా.

‘బడివాళ్లు ఇచ్చిన ప్రాజెక్టు మేమే చేసి పంపుతున్నాం.’
ఈసారి బిడ్డ చేత చేయించి పంపండి. వంకరగా ఉంటే ఉండనివ్వండి. టీచరుగారికి కూడా బిడ్డ చెయ్యి ఎంతవరకు ఎదిగిందో అప్పుడే తెలుస్తుంది.

12. ఈ వారం ఇంట్లో చేయండి

సోమవారం: పాత పేపరును సన్నగా, పొడవుగా చింపించండి.
మంగళవారం: చపాతీపిండితో పాము, లడ్డు, గిన్నె చేయించండి.
బుధవారం: కూరగాయలను రంగుల వారీగా వేరు చేయించండి.
గురువారం: అన్నం మెతుకులతో కాగితం ముక్కలు అతికించి ఇల్లు చేయించండి.
శుక్రవారం: చొక్కా గుండీలు అయిదు పెట్టించండి, తీయించండి.
శనివారం: నడిచి వెళ్లి పది రకాల రాలిన ఆకులు ఏరుకు రండి.
ఆదివారం: ఆ ఆకులతో ఇంటిల్లిపాదీ కలిసి ఒక బొమ్మ చేసి, దాని కింద తేదీ, బిడ్డ వయసు రాసి గోడకు అంటించండి.

వచ్చే ఏడాది ఇదే కాలంలో మరొకటి చేసి దాని పక్కనే అంటించండి. ఏడాదిలో ఆ చిన్న చేతులు ఎంత నేర్చుకున్నాయో గోడే మీకు చెబుతుంది. పిల్లల ఓపీకి వచ్చినప్పుడు ఆ బొమ్మలు వెంట తెచ్చి చూపిస్తే, బరువు, ఎత్తు చూసినట్లే బిడ్డ చేతుల ఎదుగుదలను కూడా చూసి చెబుతారు.